వాకోవర్ అంటే ఏమిటి?

రెండేళ్ళ కిందటి మాట. మండల స్థాయి పాఠశాల క్రీడా పోటీలు జరుగుతున్నాయి. మన ప్రాంతంలో పెద్దవాళ్ళు ఇప్పటికీ వీటిని గ్రిగ్స్ అనే అంటారు. మన సొసైటీ ఫీజులు కడుతున్న ఆడపిల్లలు ఎక్కువమంది చదివే ఒక పాఠశాల నుంచి బాలికల ఖో ఖో జట్టు పేరు ఇచ్చారు. పిల్లల్ని ఉత్సాహపరుద్దామని మేము నలుగురం అరటిపళ్ళు, మజ్జిగ ప్యాకెట్లు పట్టుకొని మైదానానికి వెళ్ళాం.

ఎదుటి జట్టు పిల్లలు కోర్టు పక్కన వరుసగా నిలబడి ఉన్నారు. మన జట్టు జాడ లేదు. మైకులో మూడుసార్లు పిలిచారు. పావుగంట చూశారు. ఆ తరువాత పి.ఇ.టి. సారు గోడకున్న చార్టులో ఎదుటి జట్టు పేరు పక్కన డబ్ల్యు.ఓ. అని రెండక్షరాలు రాసి, తరువాతి ఆటకు జట్లను పిలిచారు. మేము తెచ్చిన పళ్ళు ఆ పిల్లలకే పంచి వచ్చేశాం.

ఆ సాయంత్రం విషయం కనుక్కుందామని మన జట్టులోని ఒక అమ్మాయి ఇంటికి వెళ్ళాం. ఎనిమిదో తరగతి చదువుతున్న ఆ పిల్ల తలుపు చాటునుంచి అడిగిన మొదటి మాట ఇది: "చాచా, మేము ఆడనే లేదు గదా. మరి ఓడిపోయినట్టు ఎట్లా రాస్తారు?"

ఆ పూట మేము సరైన జవాబు చెప్పలేకపోయాం. ఏదో సర్దిచెప్పి లేచి వచ్చాం. ఆ రెండక్షరాల వెనక ఉన్న మాట ఏమిటి, దాన్ని ఎక్కడెక్కడ ఎలా వాడతారు, అది మన పిల్లల పేరు పక్కన ఎందుకు పడింది అని తరువాత తీరిగ్గా ఆలోచించాం. ఈ వ్యాసం ఆ ఆలోచనే.

మాట ఎక్కడిది?

వాకోవర్ అనే మాట ఇంగ్లండులోని గుర్రప్పందేల నుంచి వచ్చింది. పందేలలో డబ్బు కాయడం మనకు హరాం. అయితే మాట పుట్టుక తెలియాలంటే అక్కడికి వెళ్ళక తప్పదు. ఒక పందేనికి ఐదారు గుర్రాల పేర్లు ఇచ్చేవారు. ఏదో కారణంతో మిగతావన్నీ తప్పుకొని ఒకే గుర్రం మిగిలితే, అది ఇక పరుగెత్తాల్సిన పని లేదు. ఆ దారి మీదుగా నడిచి గమ్యం దాటితే చాలు, బహుమతి దానిదే. వాక్ అంటే నడవడం, ఓవర్ అంటే ఆ మేరను దాటడం. అలా నడిచి గెలవడమే వాకోవర్.

ఇందులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. పోటీకి ఎవరూ లేరు కదా అని ఆ గుర్రాన్ని శాలలోనే కట్టేసి ఉంచితే బహుమతి రాదు. రౌతు దుస్తులు వేసుకొని రావాలి, బరువు తూచుకోవాలి, జీను కట్టాలి, న్యాయనిర్ణేత ముందు నుంచి వెళ్ళాలి. అంటే ఊరికే వచ్చే గెలుపు అందుకోవాలన్నా మైదానానికి రావలసిందే. మేము వెళ్ళిన రోజు ఎదుటి జట్టు చేసింది అదే. వాళ్ళు ఉదయాన్నే వచ్చారు, యూనిఫారం వేసుకున్నారు, కోర్టు పక్కన నిలబడ్డారు. వాళ్ళ పేరు పక్కన పడిన ఆ రెండక్షరాలను వాళ్ళు సంపాదించుకున్నట్టే లెక్క.

మనుషుల పరుగుపందెంలో ఈ మాటకు ప్రసిద్ధమైన ఉదాహరణ 1908 లండన్ ఒలింపిక్స్‌లో ఉంది. 400 మీటర్ల ఫైనల్లో నలుగురు పరుగెత్తారు. వారిలో ముగ్గురు అమెరికన్లు, ఒకరు బ్రిటన్‌కు చెందిన విండమ్ హాల్స్‌వెల్. ఒక అమెరికన్ ఆటగాడు హాల్స్‌వెల్‌కు అడ్డం వచ్చాడని అధికారులు తేల్చి, అతన్ని తొలగించి, పందెం మళ్ళీ పెట్టారు. మిగిలిన ఇద్దరు అమెరికన్లు దానికి నిరసనగా రాలేదు. హాల్స్‌వెల్ ఒక్కడే ట్రాకు మీదికి వచ్చి, ఒక్కడే పరుగెత్తి బంగారు పతకం తీసుకున్నాడు. ఒలింపిక్ పరుగుపందేల ఫైనళ్ళలో వాకోవర్‌తో వచ్చిన బంగారు పతకం అదొక్కటే.

బై వేరు, వాకోవర్ వేరు

మన పిల్లలు, తల్లిదండ్రులు ఈ రెంటినీ తరచూ కలిపేస్తారు. రెండింటిలోనూ ఒక జట్టు ఆడకుండానే పై రౌండుకు వెళ్తుంది కాబట్టి ఒకటే అనిపిస్తుంది. కానీ తేడా చాలా ఉంది.

బై అనేది లెక్క కోసం ఇచ్చేది. ఓడినవాళ్ళు ఇంటికి వెళ్ళిపోయే నాకౌట్ పోటీల్లో జట్ల సంఖ్య 4, 8, 16, 32 ఇలా ఉంటేనే ఫైనల్‌కు సరిగ్గా రెండు జట్లు మిగులుతాయి. 11 జట్లు వచ్చాయనుకోండి. 11కు పైన ఉన్న సంఖ్య 16. పదహారులోంచి పదకొండు తీసేస్తే 5. కాబట్టి ఐదు జట్లకు బై ఇస్తారు. మిగిలిన ఆరు జట్లు మూడు ఆటలు ఆడితే ముగ్గురు గెలుస్తారు. ఆ మూడు, ఈ ఐదు కలిసి ఎనిమిది. అక్కడి నుంచి లెక్క సాఫీగా సాగుతుంది. బైలో ఎవరి తప్పూ లేదు, ఎవరి ఓటమీ లేదు. ఎదురుగా అసలు జట్టే లేదు.

వాకోవర్ అలా కాదు. అక్కడ ఎదురుగా ఒక జట్టు పేరు ఉంటుంది. ఆ జట్టు వస్తానని మాట ఇచ్చి రాలేదు. అందుకే బై ఇచ్చేది నిర్వాహకులు, వాకోవర్ ఇచ్చేది రాని జట్టు. 'వాకోవర్ వచ్చింది' అని ఒకరంటే, 'వాకోవర్ ఇచ్చారు' అని ఇంకొకరి గురించి చెప్పినట్టే.

దగ్గరగా ఉండే మాటలు మరి రెండు ఉన్నాయి. ముందుగానే నిర్వాహకులకు చెప్పి పేరు వెనక్కి తీసుకోవడం ఉపసంహరణ. అప్పుడు వాళ్ళు చార్టు మార్చుకోగలరు, ఎదుటి జట్టు ఎండలో నిలబడే పని ఉండదు. ఆట మొదలయ్యాక గాయం వల్లో నీరసం వల్లో మధ్యలో ఆపేస్తే దాన్ని రిటైర్ కావడం అంటారు. టెన్నిస్‌లో ఈ తేడాను కచ్చితంగా పాటిస్తారు. ఒక్క బంతి కూడా ఆడకముందే తప్పుకుంటే వాకోవర్, ఆడుతూ ఆపితే రిటైర్డ్. వాకోవర్ వచ్చిన క్రీడాకారిణి పై రౌండుకు వెళ్తుంది కానీ, ఆమె గెలిచిన మ్యాచుల లెక్కలో అది చేరదు.

స్కోరు ఎలా రాస్తారు?

ఆడని ఆటకు కూడా ఒక్కోచోట స్కోరు వేస్తారు. ఫుట్‌బాల్‌లో సాధారణంగా 3-0. బాస్కెట్‌బాల్‌లో 20-0. వాలీబాల్‌లో మూడు సెట్లూ 25-0. బాస్కెట్‌బాల్ అంతర్జాతీయ నియమాల ప్రకారం ఆట సమయం దాటిన 15 నిమిషాలకు కూడా జట్టు రాకపోయినా, ఐదుగురిని కోర్టులో నిలపలేకపోయినా ఆట పోయినట్టే. ఫుట్‌బాల్‌లో కనీసం ఏడుగురు లేకుంటే ఆట మొదలుపెట్టరు. మన ఖో ఖోలో తరిమే వంతు వచ్చిన జట్టు నుంచి ఎనిమిదిమంది కూర్చోవాలి, ఒకరు తరమాలి. ఆ రోజు మన జట్టులో ఇల్లు దాటింది ఐదుగురే. ఐదుగురు ఉత్సాహంగా బయలుదేరినా, మిగతావాళ్ళు రాలేదని తెలిసి సగం దారి నుంచే వెనక్కి వెళ్ళారట. జట్టు ఆటలో ఒకరు ఆగిపోతే మిగతావాళ్ళ ఆట కూడా ఆగిపోతుందని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

వాకోవర్ వచ్చిన భారత జట్టు

వాకోవర్ పొందినవాళ్ళు దాన్ని ఏం చేసుకున్నారన్నది కూడా తెలుసుకోవాలి. దీనికి మన దేశ ఫుట్‌బాల్ చరిత్రలోనే రెండు ఉదాహరణలున్నాయి.

1950లో బ్రెజిల్‌లో జరిగిన ప్రపంచ కప్‌కు భారత జట్టు అర్హత పొందింది. మన గ్రూపులోని ఇతర దేశాలు తప్పుకోవడంతో ఒక్క ఆట కూడా ఆడకుండానే ఆ అవకాశం వచ్చింది. తీరా సమయం వచ్చేసరికి మన జట్టూ వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. కారణం ఏదైనా, పురుషుల ప్రపంచ కప్‌లో భారత జట్టు ఆ తరువాత ఇప్పటిదాకా ఆడలేదు. నడిచి వచ్చిన అవకాశం నడిచే వెళ్ళిపోయింది.

1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో కథ వేరు. మొదటి రౌండులో మనకు ఎదురైంది హంగరీ. ఆ రోజుల్లో అది ప్రపంచంలోని గొప్ప జట్లలో ఒకటి. ఆ జట్టు తప్పుకోవడంతో మనకు వాకోవర్ వచ్చింది. తరువాత ఆటలో మనవాళ్ళు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. సెమీ ఫైనల్లో యుగోస్లావియా చేతిలో, మూడో స్థానం కోసం జరిగిన ఆటలో బల్గేరియా చేతిలో ఓడి, నాలుగో స్థానంతో తిరిగి వచ్చారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం సాధించిన అత్యుత్తమ స్థానం నేటికీ అదే.

ఆ జట్టు కోచ్ హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. పాఠశాల ఉపాధ్యాయుడిగా పనిచేసినవారు కాబట్టి ఆయనను అందరూ రహీం సాబ్ అని గౌరవంగా పిలిచేవారు. తులసీదాస్ బలరాం, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుస్సేన్ వంటి హైదరాబాదు, సికింద్రాబాదు కుర్రాళ్ళు ఆ జట్టులో ఉన్నారు. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత జట్టు బంగారు పతకాలు గెలిచింది కూడా ఆయన శిక్షణలోనే. 1962లో ఆయన తీవ్రమైన అనారోగ్యంతో ఉండి కూడా జట్టు వెంట వెళ్ళారు. మరుసటి సంవత్సరమే కన్నుమూశారు. మైదానానికి రావడం అంటే ఏమిటో ఆయన జీవితం చెబుతుంది.

రాకపోవడం ఒకటి, రానివ్వకపోవడం ఒకటి

ముస్లిం ఆడపిల్లల విషయంలో ఈ మాటకు ఇంకో కోణం ఉంది. 2011 జూన్‌లో లండన్ ఒలింపిక్స్ అర్హత పోటీల కోసం ఇరాన్ మహిళల ఫుట్‌బాల్ జట్టు జోర్డాన్ రాజధాని అమ్మాన్‌కు వెళ్ళింది. తల, మెడ కప్పే వస్త్రం నియమాలకు విరుద్ధమని చెప్పి వాళ్ళను ఆడనివ్వలేదు. ఆట 3-0తో జోర్డాన్‌కు పోయింది. 2014 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని ఇంచియాన్‌లో జరిగిన ఆసియా క్రీడల్లో కతార్ మహిళల బాస్కెట్‌బాల్ జట్టు మంగోలియాతో ఆడాల్సి ఉంది. హిజాబ్ తీసేస్తేనే ఆడనిస్తామన్నారు. వాళ్ళు తీయలేదు, ఆట వదులుకున్నారు.

కాగితం మీద ఈ రెండూ ఆడని ఆటలే. కానీ ఆ అమ్మాయిలు ఏళ్ళ తరబడి సాధన చేసి, దేశం దాటి, మైదానం దాకా వచ్చారు. వాళ్ళు వచ్చి నిలబడ్డారు కాబట్టే తలుపు మూసి ఉందని లోకానికి తెలిసింది. ఫుట్‌బాల్ నియమాలు 2014లో మారాయి, తలవస్త్రానికి అనుమతి వచ్చింది. బాస్కెట్‌బాల్ నియమం 2017లో మారింది. 2023 మహిళల ప్రపంచ కప్‌లో మొరాకోకు చెందిన నుహైలా బెంజీనా హిజాబ్ ధరించి ఆడింది. ఆ స్థాయిలో అలా ఆడిన మొదటి క్రీడాకారిణి ఆమె. అదే ఆటలో మొరాకో 1-0తో దక్షిణ కొరియా మీద గెలిచింది.

కాబట్టి ఇప్పుడు నియమం అడ్డు అని మనం చెప్పుకునే చోట్ల నిజంగా అడ్డు ఉందో లేదో ముందు అడిగి తెలుసుకోవాలి. అడగకుండానే ఇంట్లో కూర్చుంటే ఆ వాకోవర్ మనం ఇచ్చిందే అవుతుంది.

మన వాకోవర్ ఎవరు ఇచ్చారు?

ఆ సాయంత్రం తరువాత మేము జట్టులోని పన్నెండుమంది ఇళ్ళకూ వెళ్ళాం. ఎవరూ మా అమ్మాయి ఆడకూడదు అని గట్టిగా అనలేదు. కారణాలన్నీ చిన్నవే. నిక్కరుతో ఆడాలేమోనని ఒక తల్లి భయం. వెంట మేడం ఎవరూ రావడం లేదని ఇంకొకరి బెంగ. మగ్రిబ్ లోపు ఇంటికి చేరకపోతే ఎలా అని ఒక తండ్రి అనుమానం. అండర్-14 విభాగానికి పుట్టిన తేదీ ధ్రువపత్రం కావాలంటే ఇంట్లో దొరకలేదని ఒకరు. తమ్ముడికి జ్వరం, అమ్మీ కూలికి వెళ్ళింది, చూసుకునేవాళ్ళు లేరని ఒకరు. సంతకం కోసం పాఠశాల పంపిన కాగితంలో ఏముందో చదివి చెప్పేవాళ్ళు లేక పక్కన పెట్టేశామని ఇద్దరు.

ఒక్క మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. మేము ఆ పిల్లలకు ఫీజు కట్టాం, పుస్తకాలు ఇచ్చాం, రంజాన్‌లో రేషన్ ఇచ్చాం. ఆటలకు పేరు ఇచ్చారని తెలిసి కూడా ఏం కావాలి అని ఒక్కరినీ అడగలేదు. అరటిపళ్ళు పట్టుకొని నేరుగా మైదానానికి వెళ్ళాం. ఆ వాకోవర్‌లో మా వంతు కూడా ఉంది.

మరుసటి సంవత్సరం పోటీలకు నెల ముందే పని మొదలుపెట్టాం. పొడవు చేతుల జెర్సీలు, ట్రాక్ ప్యాంట్లు దర్జీ దగ్గర కుట్టించాం. పరుగెత్తేటప్పుడు జారకుండా, పిన్నులు లేకుండా తల మీద నిలిచే బిగుతు స్కార్ఫులు కుట్టమని చెప్పాం. ఈ దుస్తులతో ఆడవచ్చా అని నిర్వాహకులను ముందే అడిగాం. ఆడవచ్చన్నారు. సొసైటీ మహిళా విభాగం నుంచి ఇద్దరు ఆపాలు వెంట ఉంటామన్నారు. రానుపోను రెండు ఆటోలు మాట్లాడాం. పుట్టిన తేదీ పత్రాలు లేనివారికి దరఖాస్తు పెట్టించాం. ఒక శుక్రవారం జుమా తరువాత తండ్రులతో, అదే సాయంత్రం తల్లులతో కూర్చున్నాం. ఇమాం సాహెబ్ కూడా వచ్చారు. ప్రవక్త ముహమ్మద్ (స) తమ సతీమణి హజ్రత్ ఆయిషా (ర.అ)తో పరుగుపందెం వేసిన సంగతి, ఒకసారి ఆమె, తరువాతి కాలంలో ఒకసారి ఆయన గెలిచిన సంగతి చెప్పారు. ఈ మాట తాము ఎప్పుడూ వినలేదని చాలామంది తల్లులు అన్నారు. ఇంకో మాట కూడా ఆయన చెప్పారు. పేరు ఇవ్వడమంటే వస్తామని వాగ్దానం చేయడమే, వాగ్దానం నిలుపుకోవడం ముస్లిం ధర్మం. ఎదుటి జట్టు పిల్లలు ఎవరి బిడ్డలైనా, వాళ్ళను ఎండలో నిలబెట్టి రాకపోవడం తగదు.

ఈ పనులన్నింటికీ అయిన ఖర్చు ఒక చిన్న వలీమా విందులో మిఠాయికి అయ్యేంత కూడా కాదు.

మైదానం బయట వాడుక

ఈ మాట ఇప్పుడు ఆటలకే పరిమితమై లేదు. ఎన్నికల్లో బలహీనమైన అభ్యర్థిని నిలబెడితే 'ప్రత్యర్థికి వాకోవర్ ఇచ్చారు' అని పత్రికలు రాస్తాయి. మన ఇళ్ళలో జరిగేవాటికి కూడా ఈ మాట సరిపోతుంది. స్కాలర్‌షిప్‌కు గడువు లోపల దరఖాస్తు పెట్టకపోవడం, ఫీజు కట్టి హాల్ టికెట్ తీసుకొని పరీక్షకు వెళ్ళకపోవడం, మనకెక్కడ వస్తుందిలే అని ఉద్యోగానికి దరఖాస్తే చేయకపోవడం ఇవన్నీ అలాంటివే. ఓడిపోయినవాడికి తను ఎక్కడ తడబడ్డాడో తెలుస్తుంది, మరోసారి దిద్దుకుంటాడు. వాకోవర్ ఇచ్చినవాడికి ఆ పాఠం కూడా దక్కదు.

నిజామాబాద్ నుంచి వచ్చిన నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో బాక్సింగ్ ప్రపంచ విజేత అయింది. ఆమెకు వెన్నుదన్నుగా నిలిచింది స్వయంగా క్రీడాకారుడైన తండ్రి. అందరి పిల్లలూ ప్రపంచ విజేతలు కారు, కానక్కరలేదు కూడా. కానీ ఇంటి గడప దగ్గర ఆమెకు దొరికిన ఆ అనుమతి ప్రతి పిల్లకూ కావాలి.

ఇక మన ఖో ఖో జట్టు సంగతి. పోయిన సంవత్సరం పన్నెండుమందీ వచ్చారు. మొదటి ఆటలోనే రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయారు. మోకాళ్ళకు దుమ్ము, మొహాల నిండా చెమట. చార్టు దగ్గరికి వెళ్ళి తమ జట్టు పేరు పక్కన పాయింట్లు ఎన్ని వేశారో వేలు పెట్టి చూసుకున్నారు. అంతకుముందు ఏడాది మమ్మల్ని ప్రశ్న అడిగిన ఆ అమ్మాయి ఇప్పుడు తొమ్మిదో తరగతి. మా దగ్గరికి వచ్చి, "చాచా, ఈసారి నిజంగానే ఓడిపోయాం" అంది. అంటూనే నవ్వింది. మేమూ నవ్వాం. అల్హందులిల్లాహ్ అనుకున్నాం.

ఈ సంవత్సరం పోటీలకు కూడా పేర్లు ఇచ్చారు. ఈసారి కబడ్డీ జట్టు కూడా ఉంది. జెర్సీలు, ఆటో కిరాయి, వెంట వెళ్ళే ఆపాలు కావాలి. ఈ సంచిక చదువుతున్నవారిలో ఎవరికి వీలైతే వారు, ఏది వీలైతే అది చేయవచ్చు. ఏమీ వీలుకాకపోతే ఆ రోజు మైదానానికి వచ్చి కోర్టు పక్కన నిలబడండి, చాలు. అల్లాహ్ మన బిడ్డలందరికీ ఆరోగ్యాన్ని, ధైర్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.